కుక్కకు గోమార్లు (పిడుదులు), అదే ఇంట్లో పిల్లి: ఏ మందు వాడవచ్చు, ఏది వాడకూడదు?

ప్రశ్న: పాతూరు గృహిణి, అనంతపురం

అందరికీ నమస్కారం. మా ఇల్లు అనంతపురం పాతూరులో ఉంది. మూడేళ్ల కిందట వీధిలో దొరికిన కూనను తెచ్చి పెంచుకున్న కుక్క ఒకటి, ఆ తరువాత ఏడాదికి గోడ దూకి వచ్చి మాతోనే ఉండిపోయిన పిల్లి ఒకటి మా ఇంట్లో ఉన్నాయి. కుక్కను కర్రోడని, పిల్లిని చిట్టి అని పిలుస్తాము. రెండూ ఒకే గోనెపట్ట మీద ఒకదాన్నొకటి ఆనుకొని పడుకుంటాయి. నా భయమంతా ఆ ఒక్క పడక గురించే కనుక ఈ సంగతి ముందుగా చెబుతున్నాను.

శివరాత్రి వెళ్లిన కొద్ది రోజుల నుంచి కర్రోడి చెవులలో, కాలివేళ్ల సందులలో గోమార్లు కనబడుతున్నాయి. మొదట రోజుకు నాలుగైదు ఏరివేసేదాన్ని. ఇప్పుడు సాయంత్రం శుభ్రంగా ఏరి పడుకోబెట్టినా తెల్లవారేసరికి మళ్లీ అన్నీ ఉంటున్నాయి. నిన్న వంటగది గోడ మీద, నేలకు నిలువెత్తు పైన, ఒకటి పాకుతూ కనబడింది. మాది తాడిపత్రి బండలు పరిచిన పాత ఇల్లు. బండల మధ్య సందులు చాలాచోట్ల విడిపోయి ఉన్నాయి.

మా వీధిలో ఎనుములను మేపే ఒక పెద్దాయన తమ పశువులకు వాడే మందు సీసా ఇచ్చి, నీళ్లలో కలిపి కుక్క ఒళ్లంతా పూయమన్నారు. సీసా మీద డెల్టామెత్రిన్ అని రాసి ఉంది. ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు కాని, ఎన్ని నీళ్లకు ఎంత కలపాలో ఆయనకూ సరిగా తెలియదు. అందుకే ఇంకా వాడలేదు.

ఇంతలో నాలుగు రోజులుగా కర్రోడు దిగాలుగా ఉన్నాడు. సంకటి ముద్ద పెడితే వాసన చూసి పక్కకు తిరుగుతున్నాడు. ఒళ్లు వేడిగా ఉంది. నిన్న తెల్లవారుజామున ముక్కులోంచి రెండు మూడు చుక్కల నెత్తురు పడి, దానంతట అదే ఆగిపోయింది. ఎండ వేడికి వచ్చి ఉంటుందని ఇంట్లో అన్నారు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ సగం మాత్ర ఇస్తే చాలునని తెలిసినవారొకరు చెప్పారు. అదీ ఇంకా ఇవ్వలేదు.

ఆ పశువుల మందు వాడవచ్చా? వాడితే పక్కనే పడుకునే చిట్టికి ఏమైనా అవుతుందా? జ్వరానికి మాత్ర ఇవ్వవచ్చా? మాకు ఆరేళ్ల పాప ఉంది, ఎప్పుడూ ఆ రెండింటితోనే ఆడుతుంది. గోమార్ల వల్ల పాపకు ఏదైనా జబ్బు వస్తుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, కర్నూలు

అమ్మా, మీ ప్రశ్నలన్నింటికీ సమాధానం చెబుతాను. అంతకన్నా ముందు ఒక మాట. గోమార్లు పట్టిన కుక్కకు జ్వరం రావడం, తిండి మానడం, ఆపైన ముక్కు నుంచి నెత్తురు పడడం, ఈ మూడూ కలిసి కనబడినప్పుడు ఇంట్లో ఏ వైద్యమూ మొదలుపెట్టకుండా ఈ రోజే పశువైద్యశాలకు తీసుకుపోవాలి. ఎండ ఎక్కక ముందే, లేదా సాయంత్రం చల్లబడ్డాక, ఆటోలో తీసుకువెళ్లండి, నడిపించకండి. మళ్లీ నెత్తురు వస్తే ముక్కులో దూది పెట్టవద్దు. కుక్కను కదలకుండా పడుకోబెట్టి, చల్లని తడిగుడ్డను ముక్కుదూలం మీద ఉంచితే చాలు.

ఇది ఎండ వేడి వల్ల వచ్చిన నెత్తురు అయ్యే అవకాశం తక్కువ. కుక్కల మీద మన వైపు ఎక్కువగా కనబడే గోధుమరంగు గోమారి ఎర్లికియా అనే సూక్ష్మజీవిని నెత్తురులోకి వదులుతుంది. అది తెల్లరక్తకణాలలో చేరి పెరుగుతుంది. గోమారి కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలలో జ్వరం, నీరసం, మెడ కింద బిళ్ల కట్టడం మొదలవుతాయి, నెత్తురు గడ్డకట్టడానికి అవసరమైన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కు నుంచి నెత్తురు పడడం, పొట్ట మీద చర్మంలో ఎర్రని చుక్కలు రావడం అందువల్లనే. వాడిని వెల్లకిలా పడుకోబెట్టి పొట్టను, పెదవి ఎత్తి చిగుళ్లను చూడండి. చుక్కలు కనబడినా, చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఈ జబ్బులో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. కొన్ని కుక్కలలో మందు లేకుండానే మొదటి జ్వరం తగ్గిపోతుంది, కుక్క మామూలుగా తిని తిరుగుతుంది, ఇంటివారు గండం గడిచిందనుకుంటారు. సూక్ష్మజీవి మాత్రం ఒంట్లోనే నెలలు, ఒక్కొక్కసారి ఏళ్లు దాగి ఉండి, చివరకు ఎముకల మజ్జనే దెబ్బతీస్తుంది. ఆ దశలో తీసుకువచ్చిన కుక్కలను నా ఉద్యోగకాలంలో చాలానే చూశాను. అప్పుడు మేము చేయగలిగింది తక్కువ. మీరు మొదటి దశలోనే గమనించారు కనుక వాడికి మంచి అవకాశం ఉంది.

పరీక్ష చేయకుండా సూది వేసి పంపేస్తామంటే ఒప్పుకోవద్దు. నెత్తురు పరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్ చూడాలి, స్లయిడ్ మీద నెత్తురు చుక్కను పరిచి సూక్ష్మదర్శినిలోనూ చూడాలి. ఎందుకంటే ఇవే గోమార్లు బెబీసియా అనే మరొక జబ్బును కూడా తెస్తాయి. అది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో రావచ్చు, దానికి మందు వేరు. రెండు జబ్బులూ ఒకేసారి ఉన్న కుక్కలూ ఉంటాయి. ఎర్లికియా అని తేలితే డాక్సీసైక్లిన్ మాత్రలు సాధారణంగా 28 రోజులు ఇస్తారు. రెండు మూడు రోజులకే కుక్క లేచి తోక ఆడిస్తుంది, అప్పుడు మాత్రలు ఆపేసే వారే ఎక్కువ. దయచేసి మీరు అలా చేయవద్దు.

పారాసిటమాల్ సంగతి. మీరు ఇవ్వకుండా ఆగడం చాలా మంచిపని. కుక్కకు అది మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇక పిల్లి విషయంలో సురక్షితమైన మోతాదు అనేదే లేదు. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్న కుక్కకు ఇస్తే లోపల నెత్తురు కారి ఆగకపోవచ్చు. ఒంటివేడి తెలుసుకోవడానికి చేయి పెట్టి చూడడం చాలదు. కుక్క ఒంటివేడి సహజంగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది కనుక మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తోస్తుంది.

పాప గురించి భయపడకండి. కర్రోడిని ముట్టుకుంటే, నిమిరితే ఈ జబ్బు పాపకు రాదు. అయితే గోమార్లను గోళ్లతో చిదమడం మానాలి. వాటిలో మనుషులకు జ్వరం తెప్పించే వేరే సూక్ష్మజీవులు ఉండవచ్చు, చిదిమినప్పుడు ఆ రసం వేలి గీతల గుండా, కంటి గుండా లోపలికి చేరవచ్చు. సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెలి తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగి, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేయండి. నీళ్లలో వేస్తే అవి చావవు. ఆ పని పాప చేత చేయించకండి.

డెల్టామెత్రిన్ గురించి. తగిన పాళ్లలో కలిపి డాక్టరు పర్యవేక్షణలో కుక్కలకు వాడడం ఉంది. అయితే పశువుల సీసాలోని మందు చాలా చిక్కనిది, అందాజుగా కలిపితే కుక్కకే ముప్పు. పిల్లి అదే పట్ట మీద పడుకునే ఇంట్లో, సరిగా కలిపినా సరే, నేను వాడమని చెప్పను. జ్వరంతో నీరసించిన కుక్కకు అసలే పూయకూడదు. ఆ సీసాను తిరిగి ఇచ్చేయండి.

జవాబు: రైతు, ఆదోని

డాక్టరుగారి మాటకు ఎదురు చెప్పడం కాదు కాని, మా చిన్నతనంలో పొగాకు కషాయం కాచి కుక్కలకు పూసేవాళ్లము, గోమార్లు రాలిపోయేవి. కొందరు కిరసనాయిలు, కొందరు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసేవారు. ఇప్పుడు వేపనూనె రాస్తున్నాము. ఖర్చు లేని ఈ పద్ధతులు ఎందుకు పనికిరావో చెబితే మాబోటివారికి ఉపయోగంగా ఉంటుంది.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, కర్నూలు

మంచి ప్రశ్న అడిగారు. పొగాకు కషాయానికి గోమార్లు రాలుతాయన్నది నిజమే, అందులోని నికోటిన్ విషం కనుక. అదే విషం చర్మం గుండా కుక్క ఒంట్లోకి పోతుంది, నాకినప్పుడు కడుపులోకీ పోతుంది. వాంతులు, వణుకు, మూర్ఛ వస్తాయి, చనిపోవచ్చు కూడా. కిరసనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నాకిన కుక్క వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తులలోకి దిగి నిమోనియా తెస్తుంది. కర్పూరమూ మూర్ఛలు తెప్పించగల పదార్థమే. వేపనూనె మిగిలినవాటి కన్నా మేలు, కొన్ని గోమార్లను దగ్గరకు రానివ్వదు. కాని ఒంటికి పట్టిన వందలాది గోమార్లను అది చంపలేదు, జబ్బునూ ఆపలేదు. పిల్లి ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునే జంతువు కనుక దానికి ఏ నూనే రాయకూడదు.

ఖర్చు విషయం మీరు అన్నందుకు చెబుతున్నాను. ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలను, పిల్లులను కూడా చూస్తారు. బయట కొనవలసిన మందులు ఉన్నా, చూపించుకోవడానికి వెనుకాడవలసిన పని లేదు. కడప వైపు వారికి ప్రొద్దుటూరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది.

జవాబు: పిల్లుల ఇల్లు, ప్రొద్దుటూరు

అక్కా, మీ ప్రశ్నలో చిట్టి గురించి రాసిన వాక్యం చదివి ఆగలేక రాస్తున్నాను. రెండేళ్ల కిందట మా ఇంట్లో జరిగినది చెబుతాను.

మా దగ్గర అప్పుడు ఒక కుక్క, రెండు పిల్లులు ఉండేవి. కుక్క మెడ వెనుక చర్మం మీద పిండే గోమార్ల మందు ఒక దుకాణంలో కొన్నాను. పిల్లికి ఒకటి రెండు గోమార్లు కనబడ్డాయని, కుక్కకు వాడగా మిగిలిన నాలుగు చుక్కలు పిల్లి మెడ మీద కూడా పిండాను. పిల్లికి వాడవచ్చునా అని దుకాణంలో అడిగితే ఏమీ కాదన్నారు. డబ్బా వెనుక సన్నని అక్షరాలలో పిల్లులకు వాడరాదని ఉన్నది నేను చదవలేదు. అందులో ఉన్నది పెర్మెత్రిన్. మధ్యాహ్నం పిండితే సాయంత్రానికి పిల్లి చెవులు అదరడం, నోట చొంగ కారడం మొదలైంది. రాత్రికి ఒళ్లంతా వణుకుతూ మూర్ఛలు వచ్చాయి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, గోరువెచ్చని నీళ్లతో వెంటనే కడిగి తుడిచి తెమ్మన్నారు. తీసుకువెళ్లాము. మూడు రోజులు మూర్ఛలకు సూదులు, సెలైన్ పెట్టారు. ఆ పిల్లి బతికింది. దాని ఒళ్లు నాకిన రెండో పిల్లికి నేను ఆలస్యంగా గమనించిన వణుకు ఆ తెల్లవారుజామునే ఎక్కువై, డాక్టరుగారి దగ్గరికి చేరేలోగా పోయింది. ఇప్పటికీ ఆ డబ్బాను పారేయకుండా ఉంచాను, ఎవరైనా పిల్లికి మందు గురించి అడిగితే వెనుక రాసినది చూపించడానికి.

ఆ తరువాత డాక్టరుగారు నాకు కారణం చెప్పారు. విషాలను, మందులను విరిచి బయటికి పంపడానికి మనకూ కుక్కకూ కాలేయంలో ఉన్న ఒక ఏర్పాటు పిల్లిలో చాలా బలహీనంగా ఉంటుందట. పారాసిటమాల్ పిల్లిని చంపేదీ, పెర్మెత్రిన్ చంపేదీ చాలావరకు ఆ ఒక్క లోటు వల్లనేనట. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ కూడా పెర్మెత్రిన్ కుటుంబంలోవే. కుక్కలను ముంచి కడిగే అమిట్రాజ్ వేరే రకం మందు, కాని అదీ పిల్లికి పనికిరాదు. మీ ఇంట్లో ఇటువంటివి ఏవీ వద్దు. ఎప్పుడైనా ఆ రకం మందు కుక్కకు తప్పనిసరి అయితే కనీసం మూడు రోజులు రెండింటినీ వేరు గదులలో ఉంచాలి, పట్టలు మార్చాలి.

ఇప్పుడు మేము కుక్కకు నోటి ద్వారా ఇచ్చే మాత్ర వాడుతున్నాము. అఫాక్సోలానర్ అనేది నెలకొకసారి, ఫ్లురలానర్ అనేది దాదాపు మూడు నెలలకొకసారి ఇస్తారు. బరువును బట్టి మాత్ర మారుతుంది కనుక కుక్కను తూచి డాక్టరే రాయాలి. ఇంతకు ముందు ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి ముందుగా చెప్పాలి. ఒంటి మీద పూత ఉండదు కనుక ఆనుకొని పడుకునే పిల్లికి ప్రమాదం లేదు, మాకు అన్నింటికన్నా నచ్చినది అదే. పిల్లికి వేరుగా, పిల్లుల కోసమే తయారైన సెలామెక్టిన్ చుక్కలు వాడుతున్నాము. మాత్ర ధర ఎక్కువే, కాని ఆ వారం నేను ఆసుపత్రిలో పెట్టిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

జవాబు: బండల మేస్త్రి కొడుకు, ఎర్రగుంట్ల

కుక్కకు మందు గురించి పెద్దలు చెప్పారు. నేను ఇంటి గురించి చెబుతాను. మా నాన్నగారు నలభై ఏళ్లు కడప బండలు పరిచే పని చేశారు, నాకూ ఆ పని తెలుసు, మా ఇంట్లోనూ కుక్కలున్నాయి.

మీరు రోజూ ఏరినా మరునాటికి ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదానికి సమాధానం మీ నేలలోనే ఉంది. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీద గుడ్లు పెట్టదు. కిందికి రాలి, చీకటి సందు వెతుక్కొని, అందులో వేల గుడ్లు పెట్టి చస్తుంది. పుట్టిన పిల్ల నెత్తురు తాగి రాలి, సందులో దాక్కొని, కుబుసం విడిచి మళ్లీ కుక్క ఎక్కుతుంది. ఇలా పెద్దదయ్యేలోగా మూడుసార్లు ఎక్కి దిగుతుంది. ఎక్కకుండా నెలల తరబడి ఆకలితో సందులోనే కూర్చోగలదు కూడా. ఈ రకం గోమారికి పైకి పాకే అలవాటు ఉంది, అందుకే మీకు గోడ మీద కనబడింది. కుక్క మీద కనబడేవి కొన్నే, మిగిలినవన్నీ బండల సందులలో, గడప కింద, తలుపు చట్రం వెనుక, గోడకు తగిలించిన పటాల వెనుక ఉంటాయి. ఇంట్లో నులక మంచం ఉంటే దాని ముడులు తప్పక విప్పి చూడండి. మా ఇంట్లో అవి అక్కడే దొరికాయి, నేల అంతా కడిగి నెల రోజులు వెతికాక.

తాడిపత్రి బండ అయినా, కడప బండ అయినా, బేతంచెర్ల బండ అయినా రాయిలో తప్పు లేదు. సందులో పోసిన సున్నం, సిమెంటు కాలక్రమంలో పొడిగా రాలిపోతుంది, లోపల వేలు పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది. ముందుగా ఇనుప కమ్మితో సందును గీకి మట్టి తీయాలి. ఆ మట్టిని చీపురుతో పెరట్లోకి ఊడ్చకూడదు, గుడ్లన్నీ అందులోనే ఉంటాయి. తడిగుడ్డతో ఎత్తి కాల్చేయాలి. తరువాత మరిగే నీళ్లు సందు వెంట నిదానంగా పోసి, ఆరనిచ్చి, సిమెంటు పాలు పోసి పూడ్చాలి. మెత్తటి ఇసుక జల్లించి కలిపితే ఎక్కువ రోజులు నిలుస్తుంది. గోడ అంచున బండ కలిసే మూలను వదిలేయకండి, పని చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది అదే. గోడల పగుళ్లు పూడ్చి చిక్కని సున్నం కొట్టండి. సున్నం ఆరేదాకా కుక్కను, పిల్లిని దూరంగా ఉంచాలి, తడి సున్నం కాళ్లకు, కళ్లకు మంట.

గోనెపట్టను తీసేయమని నా సలహా. గోనె నేతలో గోమార్లు సులభంగా దాక్కుంటాయి. పాత నూలు దుప్పటి వేసి, వారానికి రెండుసార్లు వేడినీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయండి. ఎవరినైనా పిలిచి మందు కొట్టిస్తే అది ఏ మందో పేరు రాయించుకొని డాక్టరుకు చూపి, పిల్లిని పూర్తిగా ఆరేదాకా వేరే ఇంట్లో ఉంచండి. ఒకసారి చేసి ఊరుకుంటే మళ్లీ వస్తాయి. మూడు నాలుగు నెలలు ఓపిక పట్టాలి.

పాతూరు గృహిణి, అనంతపురం

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ సాయంత్రమే కర్రోడిని తీసుకువెళ్లాము. ప్లేట్‌లెట్లు 38 వేలు ఉన్నాయని, కుక్కకు దాదాపు రెండు లక్షలకు పైన ఉండాలని డాక్టరుగారు చెప్పారు. పొట్ట మీద మీరు చెప్పిన ఎర్రచుక్కలు కూడా కనబడ్డాయి. బెబీసియా లేదని స్లయిడ్ చూసి చెప్పారు. డాక్సీసైక్లిన్ 28 రోజులకు రాశారు. నాలుగో రోజుకు వాడు లేచి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. గోమార్లకు మాత్ర కూడా తూకం చూసి ఇచ్చారు. పశువుల మందు సీసాను, సంగతి వివరంగా చెప్పి, పెద్దాయనకు తిరిగి ఇచ్చాను. ఆయన ఏమీ అనుకోలేదు, తన ఇంటి పిల్లిని కొట్టంలోకి రాకుండా చూస్తానన్నారు.

మూడు సందేహాలు మిగిలాయి. మాత్ర వేసిన కొంతసేపటికి వాంతి చేసుకుంటున్నాడు. నెత్తురు పట్టడానికి ఏమి పెట్టాలి? ఈ నెలలోనే రేబీస్ టీకా వేయించవలసి ఉంది, వేయించవచ్చా? రోజులు చూస్తే ఎండలు ముదురుతున్నాయి.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, కర్నూలు

చాలా సంతోషం, అమ్మా. డాక్సీసైక్లిన్‌ను ఖాళీ కడుపున ఇవ్వకండి. ముందు కొంత తిండి పెట్టి, మాత్ర వేసి, మళ్లీ రెండు ముద్దలు తినిపించి నీళ్లు తాగించండి. మాత్ర గొంతుగొట్టంలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. వేసిన కొద్ది నిమిషాలకే వాంతి అయి మాత్ర బయటపడితే మీ డాక్టరును అడిగి మళ్లీ ఇవ్వండి, మీ అంతట మీరు రెట్టింపు చేయవద్దు.

తిండి. సంకటి, మజ్జిగ మాత్రమే పెట్టే ఇళ్లు మన సీమలో చాలా ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్న కుక్క వాటితో నెట్టుకువస్తుంది. నెత్తురు తగ్గిన కుక్కకు మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన కోడిమాంసం, వారానికి రెండు మూడుసార్లు కొద్దిగా కార్జం, వాటితో మెత్తని సంకటి పెట్టండి. ఉప్పు, కారం వద్దు.

ఇక్కడ కర్నూలువాడిగా ఒక మాట గట్టిగా చెప్పాలి. మా మార్కెట్ యార్డుకు వచ్చినంత ఉల్లి చుట్టుపక్కల ఎక్కడా రాదు, మా ఇళ్లలో ఉల్లి లేని పులుసు లేదు. మిగిలిన పులుసన్నం కుక్కకు వేయడం అందరికీ అలవాటు. ఉల్లిగడ్డ, వెల్లుల్లి పచ్చిగా ఉన్నా ఉడికినా కుక్క నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడతాయి, పిల్లికి ఇంకా తక్కువ మోతాదుకే హాని. నెత్తురు పెరగాలని మనం ఒక చేత్తో మందు ఇస్తూ, మరో చేత్తో ఉల్లి పులుసు పెడితే ఆ మందు ఏమి చేయగలదు? గోమార్లు పోతాయని వెల్లుల్లి తినిపించేవారూ ఉన్నారు, అదీ తప్పే. మీది శనగకాయల జిల్లా కనుక మరొకటి. బూజు పట్టిన కాయలు, నూనె తీసిన పాత శనగచెక్క పశువుల దాణా దగ్గర పడి ఉంటే కుక్క తినకుండా చూడండి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది.

టీకా ఇప్పుడు వద్దు. జబ్బుతో ఉన్న ఒంటికి టీకా సరిగా పట్టదు. 28 రోజుల మందు పూర్తయి, నెత్తురు పరీక్ష బాగుందని తేలాక మీ డాక్టరు చెప్పిన రోజున వేయించండి. క్యాలెండరులో ఇప్పుడే రాసి పెట్టుకోండి, వాయిదా పడిన టీకాలే ఎక్కువగా మరచిపోతారు. అంతవరకు వాడిని వీధికుక్కలతో కలవనీయకండి. చిట్టికి కూడా రేబీస్ టీకా కావాలి, పిల్లి కరిచినా గీరినా ఆ జబ్బు రావచ్చు. కుక్కకైనా పిల్లికైనా మూడు నెలల వయసులో మొదటి టీకా, తరువాత ఏటా ఒకటి. డబ్బుకు ఇబ్బంది ఉన్నవారు జూలై 6 గుర్తుంచుకోవాలి. 1885లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన బాలునికి తొలిసారి టీకా ఇచ్చిన రోజు అది. ఏటా ఆ రోజున ప్రభుత్వ పశువైద్యశాలలలో ఈ టీకా ఉచితంగా వేస్తారు. పాపను ఏ కుక్క కరిచినా, మీ కుక్క అయినా సరే, పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీటి కింద కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి.

ఎండల గురించి. నెత్తురు తక్కువగా ఉన్న కుక్క మన ఏప్రిల్, మే ఎండలను మామూలు కుక్కలా తట్టుకోలేదు. పొద్దు పొడవక ముందే తిప్పి తీసుకురండి. మట్టి తొట్టిలో నీళ్లు రెండు చోట్ల, నీడలో ఉంచండి. రేకుల కింద కట్టివేయకండి. నాలుక బాగా బయటపెట్టి ఆగకుండా రొప్పుతూ, తూలుతూ, చిక్కని చొంగ కారుస్తూ ఉంటే అది వడదెబ్బ. మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి ఫ్యాను గాలి తగిలేటట్టు చేస్తూ వెంటనే బయలుదేరాలి. నీళ్లు నోట్లో బలవంతంగా పోయవద్దు.

పాతూరు గృహిణి, అనంతపురం

నిన్నటితో 28 రోజులు పూర్తయ్యాయి. ఈ ఉదయం పరీక్షలో ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు వచ్చాయి. రేబీస్ టీకాకు వచ్చే వారం రమ్మన్నారు, రెండింటినీ తీసుకువెళుతున్నాను. బండల సందులు రెండు గదులలో పూడ్పించాము, వంటగది మిగిలింది. ఎర్రగుంట్ల తమ్ముడు చెప్పినట్టు మా అత్తగారి నులక మంచం ముడులు విప్పితే ఒక్కొక్క ముడిలో పది పదిహేను దొరికాయి. నులకంతా తీసి కాల్చేశాము, కొత్తది అల్లించడానికి ఇచ్చాము. వారం రోజులుగా కర్రోడి ఒంటి మీద ఒక్కటీ కనబడలేదు. గోమార్ల మాత్ర ఇప్పుడు ఆపవచ్చా?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు, కర్నూలు

ఆపవద్దమ్మా. వంటగది సందులలో గుడ్లు ఇంకా ఉండి ఉంటాయి, అవి పొదిగి పిల్లలైనప్పుడు వాడినే వెతుక్కుంటాయి. ఒకసారి ఎర్లికియా వచ్చి తగ్గినంత మాత్రాన రెండోసారి రాదన్న నియమం లేదు, దానికి టీకా కూడా లేదు. గోమార్ల మాత్రను మీ డాక్టరు చెప్పిన లెక్కన వర్షాకాలం దాటేదాకా ఇస్తూ ఉండండి. మరో నెలకు నెత్తురు ఇంకొకసారి చూపించండి.

పాతూరు గృహిణి, అనంతపురం

అలాగేనండి. వంటగది పని ఈ ఆదివారం పెట్టుకున్నాము. ఆ రోజు చిట్టిని మా అక్క ఇంట్లో ఉంచుతాము.